పదిహేనణాల పైచిలుకు

మూడేళ్లు, నలభై రెండు మళ్లు.
మిరప పూలు తెల్ల కాగితం మీద దులిపి
నల్ల తామరపురుగుల్ని
భూతద్దం కింద లెక్కపెట్టాను.
తేలింది ఇదీ:
వారానికి రెండుసార్లు మందు కొట్టిన మడిలోనే
పురుగు ఎక్కువ.

రాస్తే ఒక్క వాక్యం.
చెప్పడానికి బయల్దేరాక
గుంటూరంతా తిరిగినా ఒడవలేదు.

మొదట సదస్సులో చెప్పాను.
చల్లటి గది, మెడలో కార్డు,
పన్నెండు నిమిషాల్లో పద్దెనిమిది స్లైడ్లు.
సంభావ్యత అన్నాను, విశ్వాస అవధి అన్నాను,
గ్రాఫు మీద మీసాల్లాంటి గీతలు చూపించాను.
ఒకాయన లేచి, నమూనా చిన్నది కాదా అన్నాడు.
మంచి ప్రశ్నే.
భోజనాల దగ్గర మాత్రం
గోంగూర బావుందన్నారు అందరూ.

కలెక్టరాఫీసులో రెండు నిమిషాలిచ్చారు.
"ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్,
అవునా, కాదా?"
"చాలావరకు" అన్నాను.
వాళ్ల ఫారంలో ఆ మాటకి గడి లేదు.

పట్నంబజారులో పురుగుమందుల కొట్టు.
చెంచురామయ్య గారు సోడా తెప్పించి
ఓపిగ్గా అంతా విన్నారు.
"నిజమే అయ్యుండొచ్చు తల్లీ.
కానీ రైతు పరిగెత్తుకుంటూ వచ్చి
ఏదో ఒకటి ఇవ్వమంటాడు.
'ఏమీ కొట్టొద్దు' అనేదాన్ని
ఏ సీసాలో పోసి
ఎంతకి అమ్మను?"
దానికి నా దగ్గర స్లైడు లేదు.

మర్నాడు పేపర్లో,
"మందులు మానండి: శాస్త్రవేత్త పిలుపు."
'కొన్ని' ఎగిరిపోయింది,
'బహుశా' ఎగిరిపోయింది,
నా ఫోటో ఒక్కటీ మిగిలింది.

ఫిరంగిపురం అవతల, బాలశౌరి కల్లంలో
ఎర్రటి కాయల మధ్య నిలబడి
ముందు పావుగంట దగ్గాను.
తాలుకాయలేరుతున్న ఆడవాళ్లు
తలెత్తకుండానే నవ్వుకున్నారు.
తర్వాత చెప్పాను:
నువ్వుగింజంతైనా లేని మిత్రపురుగు ఒకటుంది,
పూలలోనే దాని కాపురం,
తామరపురుగే దాని కూడు,
మనం కొట్టే మందుకి ముందు చచ్చేది అదే.
చేతులు కాయలు ఏరుతూనే ఉన్నాయి.
నా మాట ఎక్కడ పడిందో తెలియలేదు.

కాసేపటికి శౌరమ్మ అంది,
"అంటే, దొంగని చంపాలని
ఇంటి కుక్కకి విషం పెట్టామన్నమాట."

చేతులు ఆగాయి.
నా మూడేళ్లు, నా నలభై రెండు మళ్లు
ఆవిడ ఒళ్లోని చేటలో ఒదిగిపోయాయి.
సిగ్గేసింది, అంతకంటే ఆకలేసినట్టయింది,
గబగబా నోట్‌బుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను.

బాలశౌరి ఇంకా ఒప్పుకోలేదు.
"పదహారణాలా నిజమేనా అమ్మా?
నాది మూడెకరాల కౌలు."

గొంతు దాకా వచ్చింది తొంభై ఐదు శాతం.
మింగి, మంచినీళ్లు తాగి,
మనసులోనే గుణించుకుని అన్నాను,
"పదిహేనణాల పైచిలుకు."

"మిగతా అణా?"

"అది అబద్ధమైనా కావచ్చు. అందుకే
మూడెకరాల్లోనూ మానకు.
అరెకరంలో మాని చూడు.
పొద్దున్నే పూలు దులుపు, లెక్కరాయి."

నేల మీద పుల్లతో ఏదో గీసుకుని
"పోతే అరెకరం మీదే పోద్ది" అన్నాడు,
నాతో కాదు, పుల్లతో.

వ్యాసంలో శౌరమ్మ కుక్కని పెట్టాను.
గ్రామ్యం, తొలగించండి అని
పత్రిక నుంచి జవాబొచ్చింది.
తొలగించాను.
ఆ చోట ఇప్పుడు మూడు పంక్తుల వాక్యం ఉంది,
ఎవర్నీ కరవదు.

నెలన్నర తర్వాత, తెల్లారకముందే ఫోను.
"మందు కొట్టిన చోట పూవుకి పదకొండు,
మానిన చోట ఆరు.
రాసుకున్నారా?"
రాసుకున్నాను.
ఆ చివర కాసేపు నిశ్శబ్దం.
"మంచు పట్టి కాగితం తడిసింది మేడమ్,
రెండు రోజులు సరిగ్గా లెక్కపెట్టలేదేమో.
నా లెక్కలోంచి కూడా
ఓ అణా తీసెయ్యండి."